వేములవాడ చాళుక్యుల మూలపురుషుడు ఎవరు?

వేములవాడ చాళుక్యుల వంశవృక్షాన్ని చాలా చరిత్ర పుస్తకాలు యుద్ధమల్లుడితో మొదలుపెడతాయి. కొన్ని మాత్రం ఆయనకు పైన ఇంకో నాలుగు పేర్లు చేర్చి సత్యాశ్రయ రణవిక్రముడు అనే వ్యక్తి దగ్గర ఆగుతాయి. ఈ సత్యాశ్రయుడు ఎవరు? బాదామి సింహాసనం మీద కూర్చున్న చక్రవర్తా, ఆ ఇంటి నుంచి విడిపోయి వచ్చిన దాయాదా, లేక వంశానికి గొప్పతనం చేకూర్చడానికి తెచ్చిపెట్టిన పేరా? కరీంనగర్ నేలను రెండు వందల ఏళ్లకు పైగా ఏలిన కుటుంబం అది. కన్నడ ఆదికవిని పోషించింది. తెలుగు కంద పద్యం రాతి మీదికి ఎక్కింది ఆ కుటుంబపు ఏలుబడిలోనే. దాని మొదటి మనిషి గురించి ఒక్క మాట మీద నిలబడే సాక్ష్యం లేకపోవడం నన్ను చాలాకాలంగా వెంటాడుతున్న విషయం. ఉన్న ఆధారాలన్నీ ఒకచోట పెట్టి, వాటిలో దేన్ని ఎంతవరకు నమ్మవచ్చో తేల్చుకునే ప్రయత్నమే ఈ వ్యాసం.

ముందు చిక్కు ఎక్కడుందో చూద్దాం. యుద్ధమల్లుడి నుంచి చివరివాడి దాకా పదిమంది పాలకులు. వాళ్లందరికీ కలిపి ఉన్నవి నాలుగే పేర్లు. యుద్ధమల్లులు ముగ్గురు, అరికేసరులు ముగ్గురు, నరసింహులు ఇద్దరు, బద్దెగలు ఇద్దరు. మొదటి, రెండవ, మూడవ అనే అంకెలు మనకాలపు చరిత్రకారులు పెట్టినవి. శాసనంలో కేవలం అరికేసరి అని ఉంటుంది, అంతే. తాత పేరు మనవడికి పెట్టుకునే ఇళ్లలో ఇది మామూలే, కానీ వెయ్యేళ్ల తర్వాత వెతికేవాడికి ఇద్దరు మనుషులు ఒకరిగా అతుక్కుపోతారు, లేదంటే ఒకే మనిషి ఇద్దరుగా చీలిపోతాడు.

ఆధారాలు దొరికిన చోట్లు కూడా చిత్రమే. రాజ్యం వేములవాడలో ఉంటే, అన్నిటికంటే వెనక్కి వెళ్లే పూర్వీకుల జాబితా ఉన్న రాగిరేకులు గుంటూరు జిల్లా కొల్లిపరలో దొరికాయి. అత్యంత సంపూర్ణమైన జాబితా మహారాష్ట్రలోని పర్భణీ రేకుల్లో ఉంది. వేములవాడలోనే దొరికిన రెండవ అరికేసరి కాలపు సంస్కృత శాసనం మూడోది. పంపకవి కన్నడంలో రాసిన ‘విక్రమార్జున విజయం’ నాలుగోది. సోమదేవసూరి సంస్కృత చంపువు ‘యశస్తిలకం’ చివర రాసుకున్న మాటలు ఐదోది. మూడు భాషలవాళ్లు పరిశోధిస్తే తప్ప ఒక కుటుంబం కథ పూర్తికాదు. నేలటూరి వెంకటరమణయ్య గారు ఈ వంశం మీద ప్రత్యేకంగా పుస్తకం రాసి ఈ ముక్కలను ఒక దారికి తెచ్చారు. ఆ పునాది మీదే మనం ఇవాళ మాట్లాడగలుగుతున్నాం.

ఇక జాబితాలు. పంపకవి చెప్పే వరుస ఇది: యుద్ధమల్లుడు, ఆయన కొడుకు అరికేసరి, ఆయన కొడుకు నరసింహుడు, తర్వాత మళ్లీ యుద్ధమల్లుడు, బద్దెగ, మూడో యుద్ధమల్లుడు, మళ్లీ నరసింహుడు, చివరికి తన ప్రభువు రెండవ అరికేసరి. వేములవాడ శాసనమూ ఇదే చెబుతుంది. శక సంవత్సరం 888లో, అంటే క్రీ.శ. 966లో, వేయించిన పర్భణీ రేకులు ఇదే వరుసకు రెండవ బద్దెగను, మూడవ అరికేసరిని కలుపుతాయి. మూడు ఆధారాలు ఒక్కటే చెబుతున్నాయి కాబట్టి ఇక అనుమానం లేదని చాలామంది ముందుకు సాగిపోతారు. నేను అంత తొందరపడను. పంపడు రెండవ అరికేసరి కొలువులోని కవి. వేములవాడ శాసనం అదే అరికేసరి పాలనలోది. పర్భణీ రేకులు ఆయన మనవడివి. మూడింటికీ సమాచారం అందింది ఒకే ఇంటి నుంచి. కాబట్టి ఇవి ముగ్గురు సాక్షుల మాటలు కావు, ఒకే సాక్షి మూడుసార్లు చెప్పిన మాట. అబద్ధమని నేననడం లేదు. బయటివాళ్ల రికార్డుతో పోల్చి చూసేదాకా దాన్ని ఒక్క సాక్ష్యంగానే లెక్కపెట్టాలంటున్నాను.

అదృష్టవశాత్తూ పోల్చి చూడటానికి కావలసినంత ఉంది. మొదటి అరికేసరి తన ప్రభువైన రాష్ట్రకూట నిరుపమదేవుడి కాలంలో వేంగినీ త్రికళింగాన్నీ గెలిచాడంటారు. నిరుపముడంటే ధ్రువుడు, ఆయన పాలన సుమారు 780 నుంచి 793 దాకా. నలభై రెండు యుద్ధాలు చేసి ‘సోలద గండ’ బిరుదు పొందిన బద్దెగ, నీళ్లలో మొసలిని పట్టినట్టు భీముణ్ణి పట్టాడంటారు. ఆ భీముడు 892లో వేంగి గద్దె ఎక్కిన చాళుక్య భీముడు. రాష్ట్రకూట సేనలు ఆ రోజుల్లో తమ దేశం మీద పడ్డాయని వేంగి శాసనాలే ఒప్పుకుంటాయి. రెండవ నరసింహుడు ఘూర్జర రాజు మహీపాలుణ్ణి తరిమాడని పంపడంటే, కాలప్రియం గుడి దగ్గర కీర్తిస్తంభం నాటాడని వేములవాడ శాసనం అంటుంది. ఇక్కడ మనకు బలమైన సాక్ష్యం దొరుకుతుంది. రాష్ట్రకూట నాలుగవ గోవిందుడి కాంబే రేకులు (930) మూడవ ఇంద్రుడు కనోజ్ మీదికి వెళ్లిన దండయాత్ర చెబుతూ అదే కాలప్రియాన్ని పేర్కొంటాయి. ప్రభువు రికార్డూ సామంతుడి రికార్డూ ఒకదానికొకటి తెలియకుండానే ఒకే గుడిని చూపిస్తున్నాయి. ఇంత చక్కగా కలిసే సందర్భం మధ్యయుగపు దక్కన్‌లో అరుదు. నాలుగవ గోవిందుణ్ణి కూలదోసి మరో రాష్ట్రకూటుణ్ణి గద్దెనెక్కించడంలో రెండవ అరికేసరి చెయ్యి ఉందని పంపడు చెప్పే మాట కూడా 935 ప్రాంతపు సంఘటనలకు సరిపోతుంది.

ఇప్పుడు లెక్క వేద్దాం. మొదటి అరికేసరి 785 ప్రాంతంలో, బద్దెగ 892 ప్రాంతంలో కనిపిస్తున్నారు. మధ్యలో ఇద్దరే ఉన్నారు. నూరేళ్లకు పైబడిన కాలానికి మూడే మెట్లు! ఆ తర్వాత బద్దెగ నుంచి రెండవ అరికేసరి దాకా మూడు మెట్లు నలభై ఏళ్లకే అయిపోతున్నాయి. పైచూపుకు ఇది అనుమానించదగ్గ వంశావళి. పైభాగంలో ఎవరో తప్పిపోయారనీ, కింది భాగంలో అన్నదమ్ములను తండ్రీకొడుకులుగా రాశారనీ అనిపిస్తుంది. కానీ ఒక మనిషి వార్తల్లోకి ఎక్కిన ఏడాదికీ పుట్టిన ఏడాదికీ ఉన్న తేడాను మరచిపోతున్నాం. మొదటి అరికేసరి వేంగి మీదికి వెళ్లేనాటికి నలభై ఏళ్లవాడనుకుంటే పుట్టుక 745. రెండవ అరికేసరి 935లో ముప్పై ఏళ్లవాడనుకుంటే పుట్టుక 905. మధ్య 160 ఏళ్లు, ఆరు మెట్లు. తరానికి ఇరవై ఏడేళ్లు చొప్పున పడుతుంది, ఇంతకంటే సహజమైన అంకె ఉండదు. ఈ లెక్కన బద్దెగ పుట్టింది 825, 830 మధ్య. భీముణ్ణి పట్టేనాటికి అరవై దాటిన ముసలి వీరుడు. నలభై రెండు యుద్ధాలు చేసినవాడికి ఆ వయసు ఉండాల్సిందే. అంటే యుద్ధమల్లుడి నుంచి కిందికి ఈ వంశావళి నిలబడుతుంది. ఇది పూర్తిగా నా అంచనాల మీద వేసిన లెక్కే అయినా, పదేళ్లు అటూ ఇటూ జరిపినా ఫలితం పెద్దగా మారదు.

అసలు కష్టం యుద్ధమల్లుడి పైన మొదలవుతుంది. ఆయన సపాదలక్ష దేశాన్ని ఏలాడనీ, పోదనలో రోజూ ఏనుగులకు నూనె నింపిన తొట్లలో స్నానం చేయించేవాడనీ పంపడూ పర్భణీ రేకులూ చెబుతాయి. పోదన నిజామాబాద్ జిల్లా బోధన్. పంపడికి అంతకు పైన ఎవరూ తెలియదు, లేదా అక్కర్లేదు. కొల్లిపర రేకులు మాత్రం మొదటి అరికేసరి ఒక శైవాచార్యుడికి ఇచ్చిన దానం చెబుతూ పైకి వెళతాయి. సత్యాశ్రయ రణవిక్రముడు, ఆయన కొడుకు పృథివీపతి, ఆయన కొడుకు మహారాజు, ఆయన కొడుకు రాజాదిత్యుడు, ఆయన కొడుకు వినయాదిత్య యుద్ధమల్లుడు, ఆయన కొడుకు అరికేసరి.

ఈ పేర్లు చూడగానే బాదామి గుర్తుకొస్తుంది. సత్యాశ్రయ, రణవిక్రమ బిరుదులు రెండూ మొదటి పులకేశివి. వినయాదిత్యుడనే పేరు, యుద్ధమల్లుడనే బిరుదు కలిసి ఉన్న బాదామి చక్రవర్తి ఒకడున్నాడు, 681 నుంచి 696 దాకా ఏలాడు. పేర్లు కలిశాయి కదా అని మనుషులను కలిపేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. పూర్వీకులను వెతకడంలో జరిగే పొరపాట్లలో ఇదే ముందుంటుంది. బాదామి వినయాదిత్యుడు గద్దె ఎక్కిన నాటికి పెద్దవాడే, 745 ప్రాంతంలో పుట్టిన కొడుకును ఆయనకు అంటగట్టలేం. ఆ దారి అక్కడే మూసుకుపోతుంది. మొదటి పులకేశి సంగతీ అంతే. ఆయన 543లో బాదామి కోట కట్టించాడు. అప్పటికి ముప్పై దాటని కుర్రవాడే అనుకున్నా, అక్కడి నుంచి మొదటి అరికేసరి దాకా 230 ఏళ్లకు ఐదే మెట్లు ఉన్నాయి. ఐదు తరాలూ వరసగా నలభై ఆరేళ్లకు వారసుణ్ణి కన్నారని నేను నమ్మలేను.

ఒక్క చోట మాత్రం లెక్క సరిపోతుంది. 745 నుంచి ఐదు మెట్లు ఎక్కితే 595, 610 మధ్యకు చేరతాం. సత్యాశ్రయుడనే పేరుకు ఆ కాలంలో అందరికంటే పెద్ద హక్కుదారు 610 ప్రాంతం నుంచి 642 దాకా ఏలిన రెండవ పులకేశి. అందుకని ఆయనే మూలపురుషుడని తేల్చేయవచ్చా? ఇక్కడే నేను ఆగుతాను. ఆయన కొడుకుల్లో ఆదిత్యవర్మ, చంద్రాదిత్యుడు, మొదటి విక్రమాదిత్యుడు తెలుసు. పృథివీపతి ఆ జాబితాలో లేడు. పైగా సత్యాశ్రయ బిరుదు ఒక్కరి సొత్తు కాదు, పులకేశి తర్వాతి బాదామి రాజులంతా వాడుకున్నదే. కాలం కలవడం అడ్డులేదని మాత్రమే చెబుతుంది, సంబంధం ఉందని చెప్పదు. పులకేశి కాలంలోనే తెలంగాణ ఉత్తర భాగానికి పంపిన దాయాది ఎవరైనా కావచ్చు, చక్రవర్తి బిరుదును తన పేరుగా పెట్టుకున్న సామంతుడైనా కావచ్చు.

మరి ఈ నాలుగు పేర్లూ పంపడి కాలానికి ఎందుకు రాలిపోయాయి? 753 ప్రాంతంలో దంతిదుర్గుడు బాదామి చాళుక్యులను కూలదోశాడు. మొదటి అరికేసరి నాటికి ఆ సామ్రాజ్యపు జ్ఞాపకం పచ్చిగానే ఉంది. చాళుక్య నెత్తురు ఉందని చెప్పుకోవడం ప్రభువైన రాష్ట్రకూటుడికి ఎలా ఉన్నా, ప్రజల దగ్గర గౌరవం తెచ్చేదే. నూట యాభై ఏళ్ల తర్వాత కుటుంబానికి సొంత యుద్ధాలున్నాయి, సొంత వీరులున్నారు, సొంత మహాకవి ఉన్నాడు. పంపడు అరికేసరిని అర్జునుడితో కలిపి భారతమే రాశాడు. అంతటి పోలిక దొరికాక మహారాజు అనే ఒట్టి పేరు తప్ప ఇంకేమీ మిగలని ముత్తాతతో పని ఏముంటుంది? పాతికేళ్లకే పర్భణీ రేకులు ఇదే చాళుక్య వంశం సూర్యుడి నుంచి పుట్టిందన్నాయి. చంద్రవంశపు అర్జునుడితో పోల్చుకున్న ఇల్లు సూర్యవంశమైపోయింది. ఈ పై అంతస్తులు కాలానికి తగ్గట్టు కట్టుకున్నవేనని ఇంతకంటే స్పష్టంగా తెలిపేది లేదు. కల్యాణి చాళుక్యులూ అంతే. 1009 నాటి కౌఠేం రేకులు అయోధ్యలో యాభై తొమ్మిదిమంది రాజులను లెక్కపెట్టి, తర్వాత బాదామి రెండవ విక్రమాదిత్యుడి తమ్ముడు భీముడి మీదుగా తైలపుణ్ణి దింపుతాయి. ఆ భీముడి మీద రామకృష్ణ గోపాల్ భండార్కర్ ఆనాడే సందేహం వ్యక్తం చేశారు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. యుద్ధమల్లుడు మనం కాలుపెట్టి నిలబడగల మొదటి పూర్వీకుడు. రాజాదిత్యుడు బహుశా నిజమైన తాతే, ఎందుకంటే దానం ఇచ్చే మనిషికి తన తాత పేరు తెలియకపోదు. మహారాజు, పృథివీపతి పేర్లా బిరుదులా అన్నది తేలదు. సత్యాశ్రయుడు ఒక హక్కు ప్రకటన. అది నిజం కావచ్చు, కానీ రుజువు కాలేదు.

వంశం కింది చివరా చిక్కు లేకపోలేదు. సోమదేవసూరి యశస్తిలకాన్ని శక 881లో, అంటే 959 చైత్రంలో, రాష్ట్రకూట మూడవ కృష్ణుడు దక్షిణ దేశాలు గెలిచి మేల్పాడిలో దండు దిగి ఉన్నప్పుడు, గంగాధరలో ముగించానన్నాడు. ఆ ఊరు సామంత చూడామణి అరికేసరి పెద్దకొడుకు వాగరాజుదని రాశాడు. కరీంనగర్ జిల్లా గంగాధర అదే. కానీ ఏడేళ్ల తర్వాతి పర్భణీ రేకులకు వాగరాజు తెలియనే తెలియదు. వాటిలో అరికేసరి కొడుకు భద్రదేవుడు, అంటే బద్దెగ. మరి వాగరాజు తొందరగా చనిపోయిన అన్నా, లేక బద్దెగ పేరే రాతప్రతుల్లో చెడిపోయిందా? ఆ చోట ప్రతులు ఒక్క తీరుగా లేవు, ‘వద్యగరాజు’ వంటి రూపాలూ కనిపిస్తాయి. బద్దెగకు సంస్కృత వేషం వేస్తే అచ్చంగా అలాగే ఉంటుంది. పైగా సోమదేవుడు రెండు చోట్లా ఉన్నాడు. గంగాధరలో రాసింది ఆయనే, పర్భణీ దానం పుచ్చుకున్నదీ ఆయనే, అదీ బద్దెగ లేంబులపాటకంలో కట్టించిన శుభధామ జినాలయం కోసం. తన పోషకుడు ఇద్దరన్నదమ్ముల్లో ఎవరో తెలియనంత దూరంలో లేడాయన. చేతిరాతలో చెడిన పేరే తప్ప అదనపు కొడుకు లేడని నేననుకుంటాను. అన్న అనేవాళ్ల వాదన పూర్తిగా కొట్టిపారేయదగ్గది కాదు. ‘పెద్దకొడుకు’ అనే మాట పక్కన ఇంకో కొడుకు ఉండి ఉంటాడని సూచిస్తుంది కదా. కానీ ఆ పక్కనున్నవాడే బద్దెగ అనడానికి మాత్రం ఆధారం లేదు.

రాజుల కుటుంబం కంటే వాళ్ల కవి కుటుంబం వెతకడం నాకు ఎక్కువ తృప్తినిచ్చింది. పంపడు తన కావ్యంలో తన పూర్వీకులను చెప్పుకున్నాడు. మాధవ సోమయాజి, అభిమానచంద్రుడు, కొమరయ్య, జైనం పుచ్చుకున్న తండ్రి అభిరామదేవరాయడు. తల్లి పేరు లేదు. గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద ఆయన తమ్ముడు జినవల్లభుడు తీర్థంకరులను, చక్రేశ్వరిని చెక్కించి, సంస్కృతం, కన్నడం, తెలుగు మూడింటిలో శాసనం వేయించాడు. మూడు తెలుగు కంద పద్యాలున్నది ఇందులోనే. అందులో తండ్రి భీమపయ్య. వేంగి నాటి వంగిపర్రు కమ్మె బ్రాహ్మణుడు, శ్రీవత్స గోత్రం. తల్లి అబ్బణబ్బె, బెల్వొల నాటి అణ్ణిగేరి జోయిస సింగన ఇంటి ఆడబిడ్డ. అన్న చెప్పిన తండ్రి పేరు ఒకటి, తమ్ముడు చెప్పింది ఇంకొకటి. ఇక్కడ ఎవరినీ తప్పుపట్టక్కర్లేదు. అన్న కావ్యంలో బిరుదు లాంటి పేరు పెట్టాడు, తమ్ముడు గుట్ట మీద ఇంట్లో పిలిచే పేరు రాయించాడు. రెండింటినీ కలిపి నిలబెట్టేది అభిమానచంద్రుడు. ఆయన రెండు చోట్లా ఉన్నాడు. రాజాజ్ఞ లేకుండా, భూమి హక్కుతో పని లేకుండా, అన్న కీర్తిని, అమ్మ పుట్టింటిని రాయికి అప్పగించిన మనిషి మాటకు నేను రాగిరేకుల కంటే ఎక్కువ విలువ ఇస్తాను. ఈ గుట్ట లేకపోతే కన్నడ ఆదికవి తల్లి ఎవరో లోకానికి తెలిసేది కాదు. రాజుల జాబితాలోనూ తల్లుల పేర్లు రెండవ అరికేసరి తల్లి జాకవ్వ వంటి దగ్గరివాళ్లవే దక్కాయి. మొదటి ఆరు తరాల స్త్రీలు మనకు దక్కలేదు.

జాబితాలు ఒకదానితో ఒకటి కలవని సమస్య కాకతీయుల దగ్గరా ఉంది, క్లుప్తంగా చెబుతాను. 956 నాటి మాగల్లు రేకులు గుండియ, ఎరియ, బేతియ, గుండ్యన అనే వరుస ఇస్తాయి. పదమూడో శతాబ్దంలో గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ వేయించిన బయ్యారం చెరువు శాసనం వెన్నడితో మొదలుపెట్టి, వరసగా ముగ్గురు గుండలను, తర్వాత ఎర్రను, పిండి గుండను, బేతను చెబుతుంది. ఎర్రకూ గుండకూ మధ్య బేతియ ఇందులో లేడు. పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు రెండింటినీ పక్కపక్కన పెట్టి చేసిన పరిశీలనే ఇవాళ్టి కాకతీయ వంశవృక్షానికి ఆధారం. సంఘటనకు దగ్గరిదైన మాగల్లు రేకును మొదట నమ్మి, దూరపుదైన బయ్యారాన్ని దాని వెలుగులో చదవడం సరైన పద్ధతి. అయితే కుటుంబంలోని మనిషి చెప్పింది కాబట్టి బయ్యారాన్ని పక్కన పెట్టలేం. పొలవాసను, అంటే జగిత్యాల దగ్గరి పొలాసను, ఏలిన మేడరాజు లాంటివాళ్ల కథ మాత్రం ఎక్కువగా గెలిచినవాళ్ల నోటి నుంచే మనకు చేరింది. రుద్రదేవుడి 1163 నాటి హనుమకొండ శాసనంలో వాళ్లు ఓడిపోయినవాళ్లుగానే కనిపిస్తారు.

ఆదిలాబాద్ వైపు వెళితే రాయీ లేదు, రాగీ లేదు. అక్కడ వంశం ప్రధాన్ల గొంతులో ఉంది. రాజ్‌గోండుల ఇళ్లకు వంశపారంపర్యంగా పాడే ప్రధాన్లు కిక్రి వాయిస్తూ ఒక్కో సగకు (గోత్ర సమూహానికి), ఒక్కో ఇంటిపేరుకు ఆదిపురుషుల కథ చెబుతారు. మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1940లలో వాళ్ల మధ్య ఉండి ఈ గాథలను రాసుకున్నారు, 1948లో ఆయన పుస్తకం వచ్చింది. ఆ గాథల్లో ఏడాదులు వెతకడం వృథా. ఎవరు ఎవరికి అన్నదమ్ములు, ఎవరితో పెళ్లి కుదురుతుంది, ఎవరి పెర్సపేన్‌ను (వంశదేవతను) ఎవరు కొలవాలి అన్న విషయంలో మాత్రం అవి రాగిరేకు కంటే కచ్చితంగా ఉంటాయి, ఎందుకంటే తప్పు చెబితే వినేవాళ్లు అక్కడే ఆపుతారు. కేస్లాపూర్ నాగోబా జాతరలో మెస్రం ఇంటి కొత్త కోడళ్లను దేవుడికీ పెద్దలకూ పరిచయం చేసే భేటింగ్, ఏటేటా జరిగే వంశ నమోదే. రాజుల జాబితాలు వదిలేసిన స్త్రీలు ఇక్కడ పేరుతో లోపలికి వస్తున్నారు. మైదానపు కులాలకు గోత్రాలు చెప్పే పిచ్చకుంట్లవారు, ఇప్పుడు ప్రభుత్వ జాబితాలో వంశరాజ్‌లు, పద్మశాలీలకు పాడే కూనపులివారు కూడా ఈ కోవలోనివారే. వాళ్ల నుంచి సేకరించాల్సింది ఇంకా చాలా ఉంది. పాడే పెద్దలు తగ్గిపోతున్నారు కాబట్టి ఈ పని ఆలస్యం కాకూడదు.

పేర్లు అతికించి పెద్ద వంశాలకు ఎక్కించడం మన దేశపు జబ్బు మాత్రమే కాదు. ఇంగ్లండులో 1530 నుంచి 1688 దాకా రాజు పంపిన అధికారులు ఊరూరా తిరిగి కులీనుల వంశావళులు రాసుకున్నారు. వాటిలో చాలావాటికి పై తరాలు ఇంటివాళ్లు చెప్పినవే. జె. హోరేస్ రౌండ్ అనే చరిత్రకారుడు పంతొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో భూమి దస్తావేజులు ముందుపెట్టి అలాంటివి ఎన్నో కూల్చాడు. ఆయన పట్టుకున్న సూత్రం మనకూ పనికొస్తుంది. వంశావళిని ఇంకో వంశావళితో సరిచూడకూడదు, వంశంతో సంబంధం లేని పని కోసం పుట్టిన కాగితంతో సరిచూడాలి. కాలప్రియం విషయంలో కాంబే రేకులు చేసింది అదే.

సత్యాశ్రయ రణవిక్రముడి విషయంలో అలాంటి కాగితం ఇంకా దొరకలేదు. దొరికితే అది ఏడో శతాబ్దపు బాదామి దానశాసనంలో ఎక్కడో సాక్షిగానో దాన గ్రహీత ఊరి అధికారిగానో కనిపించే పృథివీపతి అయి ఉండాలి, లేదా బోధన్ పరిసరాల్లో యుద్ధమల్లుడే స్వయంగా వేయించిన శాసనం అయి ఉండాలి. బోధన్, వేములవాడ, గంగాధర, ధర్మపురి మధ్య ఉన్న పాత గుళ్లలో, చెరువు కట్టల మీద, పొలం గట్ల మీద పడి ఉన్న అక్షరాల రాళ్లను ఊరివాళ్లు సున్నం కొట్టకుండా, పగలగొట్టకుండా పురావస్తు శాఖకు చూపించడం మీదే అది ఆధారపడి ఉంది. అప్పటిదాకా వంశవృక్షంలో యుద్ధమల్లుడి పైన గీసే గీతను చుక్కల గీతగానే గీయాలి.